కోడలి ఇరవై నిమిషాలు

ఏడుంపావు అయింది. కోడలు టీ గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ట్యాబ్ చంకన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. వెనక్కి తిరక్కుండానే అద్దాల తలుపు లాగేసింది. ఆరేసిన దుప్పటి చాటున ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వీధి వైపు తిరిగి కూర్చుంది.

వంటగదిలో బంగాళాదుంపల తొక్క తీస్తున్న అత్తగారు చాకు ఆపి గడియారం చూసింది. వరసగా ఇది ఇరవై రెండో రోజు. నిన్నా ఏడుంపావే, మొన్నా ఏడుంపావే. మళ్లీ ఏడూ ముప్పై అయిదుకి తలుపు తెరుచుకుంటుంది. ఆ ఇరవై నిమిషాలూ ఆ అమ్మాయి మాట్లాడుతూనే ఉంటుంది, అదీ ఇంట్లో ఎవరికీ రాని భాషలో. మధ్యమధ్య నవ్వుతుంది కూడా.

ఆ నవ్వే ఆవిడకి మింగుడు పడలేదు. కోడలు ఈ ఇంటికొచ్చి అయిదేళ్లు. "సరే అత్తయ్యా", "అలాగే అత్తయ్యా", "మీ ఇష్టం అత్తయ్యా". ఈ మూడు ముక్కలు తప్ప నాలుగోది ఆ పిల్ల నోట ఆవిడ పెద్దగా విన్నది లేదు. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలందరి దగ్గరా మురిసిపోతూ చెప్పుకునేది. అలాంటి పిల్లకి గుక్క తిప్పుకోకుండా ఇరవై నిమిషాలు మాట్లాడేంత సంగతులు ఏముంటాయి? ఉంటే మాత్రం, ఇంట్లోవాళ్లకి తెలియకూడనివి ఎందుకయ్యాయి?

అనుమానించడం ఆవిడ చేసిన ఉద్యోగం. సిటీ బస్సుల్లో కండక్టరుగా చేరి, చివరి పద్దెనిమిదేళ్లు చెకింగులో పనిచేసింది. స్టాపు పక్కన కాపు కాసి, బస్సు కదిలే క్షణంలో ఎక్కేది. డిపోలో అందరూ ఆవిణ్ని వెనకాల "డేగ" అనేవాళ్లు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, లోపల్లోపల గర్వంగానే ఉండేది. టికెట్ ఉన్నవాడు జేబు తడుముకుంటాడు, లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, తేడా అంతే అని కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది. రిటైరై రెండేళ్లయినా ఆ చూపు పోలేదు. కోడలు వీధి వైపు తిరిగి కూర్చోవడం ఆవిడ మొదటిరోజే పట్టేసింది.

ముందు గదిలో కొడుకు పనిముట్ల సంచి సర్దుకుంటున్నాడు. అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. ఆవిడ చాకుతోనే వాడి దగ్గరికి వెళ్లింది.

"ఒరేయ్, అవతల ఎవర్రా?"

"అవతలెక్కడ?"

"తెలీనట్టు అడక్కు. నీ పెళ్లాం రోజూ మాట్లాడుతుందే, వాళ్లు."

"ఎవరూ లేరమ్మా. అది యాప్. ఆన్‌లైన్లో భాష నేర్చుకుంటోంది. తను పనిచేసే డెంటల్ ల్యాబ్ వాళ్లే ఇప్పించారు."

"మనిషే లేకుండా నవ్వొస్తుందా?"

"అందులో తాబేలు బొమ్మ ఒకటి ఉంటుందట. అదే టీచరు. దానితో మాట్లాడాలి. నోరు విప్పాలంటే భయపడేవాళ్ల కోసం చేశారట."

"భయమా? దానికెవరంటే భయం?"

కొడుకు స్పానరు సంచిలో పడేసి జిప్పు లాగాడు. జిప్పు వైపే చూస్తూ, "మనుషులంటేలే అమ్మా. నాకు టైమైపోతోంది" అని చెప్పులేసుకున్నాడు. వీడు కూడా నా మొహం చూడలేదు, అనుకుంది ఆవిడ.

మర్నాడు ఏడూ ఇరవై నాలుగుకి తడి తువ్వాళ్ల బకెట్టు పట్టుకుని బాల్కనీ తలుపు తోసింది. కోడలు ఉలిక్కిపడి లేచింది. మాట సగంలో తెగిపోయింది. తెర మీద ఏదో పచ్చగా మెరిసి, వేలు తగలగానే నల్లబడింది.

"అయిపోయిందా?" అంది అత్తగారు, తువ్వాలు విదిలిస్తూ.

"అయిపోయింది అత్తయ్యా."

"ఇంకా పదకొండు నిమిషాలుందిగా."

కోడలి మొహంలో రంగు మారింది. "ఇవాళ పాఠం చిన్నది అత్తయ్యా" అని ట్యాబ్ గుండెలకి ఆనించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ తువ్వాళ్లు ఆరేస్తూ చాలాసేపు ఆ స్టూలు వైపే చూసింది. నాతో నవ్వని పిల్ల, నన్ను చూడగానే నవ్వు ఆపేసింది. అంటే ఆ నవ్వు నా గురించే.

ఆ వారమే ఇంకోటి జరిగింది. వంటగదిలో మొగుడూపెళ్లాలు గుసగుసలాడుతుంటే ఆవిడ మంచినీళ్లకని వెళ్లింది. "అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు" అన్న కొడుకు మాట చెవిన పడింది. ఆవిడ గుమ్మంలో కనబడగానే ఇద్దరూ రొట్టెల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పెనం మీద రొట్టె లేదు. పొయ్యి కూడా వెలిగించలేదు.

గురువారం నాడు కోడలు హడావిడిగా వెళ్తూ ట్యాబ్‌ని ఛార్జింగ్‌లో పెట్టి మర్చిపోయింది. కొడుకు అప్పటికే వెళ్లిపోయాడు. ఆవిడ తలుపు గడియ వేసి, కళ్లజోడు తుడుచుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. తాబేలు బొమ్మ మీద నొక్కింది. కోడలి పేరు వచ్చింది, దాని కింద నాలుగు చుక్కలు. నంబరు కావాలట. పెళ్లిరోజు వేసి చూసింది, కొడుకు పుట్టినరోజు వేసి చూసింది, ఆఖరికి తన పుట్టినరోజు కూడా వేసింది. తెరుచుకోలేదు. తాళం వేసుకునేంత రహస్యమన్నమాట.

కింద ఇంకో మాట కనబడింది. 'కొత్తగా చేరండి.'

ఆవిడ కాసేపు ఆలోచించింది. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినడానికి దారి లేకపోతే, విన్నది అర్థం చేసుకోవడానికి ఉంది. తన పేరు రాయడం ఇష్టంలేక 'డేగ' అని కొట్టింది. తాబేలు మెడ బయటికి పెట్టి తెలుగులో పలకరించింది. మొదటి పాఠం చాలా తేలిక. విని, బొమ్మ మీద వేలు పెట్టాలి. ఇల్లు, నీళ్లు, తలుపు, అమ్మ. ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా పెట్టింది. ఇంతేనా అనుకుంది.

తర్వాత తాబేలు, "ఇప్పుడు మీరు చెప్పండి. నా పేరు ఫలానా, నేను ఈ ఇంట్లో ఉంటాను" అంది ఆ భాషలో. తెర మీద సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి తిన్నగా పరుచుకుంది, గొంతు వినపడగానే అల అవుతుందట.

ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు.

తొంభైమంది కిక్కిరిసిన బస్సులో, ఇంజను రొదలో, వెనక మెట్టు మీద వేలాడేవాడికి కూడా వినబడేలా అరిచిన గొంతు అది. ఖాళీ ఇంట్లో, ఒక బొమ్మ ముందు, పట్టుమని అయిదు మాటలు పలకలేకపోయింది. అరచేతులు చెమర్చాయి. తప్పు పలికితే ఎవరైనా వింటారేమోనని వెనక్కి తిరిగి చూసింది. గడియ వేసిన తలుపు తప్ప ఎవరున్నారక్కడ?

తాబేలు ఏమీ అనలేదు. తొందరపెట్టలేదు, తలూపలేదు. చాలాసేపటికి తెలుగులో మెల్లగా అంది: "మీకు కావలసినంత సమయం తీసుకోండి. గట్టిగా చెప్పక్కర్లేదు, గుసగుసగా చెప్పినా వింటాను. ముందు ఇద్దరం కలిసి చెబుదామా?"

అది చెబుతుంటే దాని గొంతు కింద తన గొంతు దాచుకుని ఆవిడ గొణిగింది. రెండోసారి తాబేలు గొంతు కొంచెం తగ్గించింది. మూడోసారి ఇంకా తగ్గించింది. అయిదోసారి ఆవిడ ఒక్కతే చెబుతోందని ఆవిడకే ఆలస్యంగా తెలిసింది. పచ్చగీత చిన్నగా అలలా లేచింది. తప్పులున్నాయా అని ఆవిడ అడిగేదాకా అది తప్పులు చూపించలేదు. అడిగితే ఒకటే చూపించింది.

ఆవిడ ట్యాబ్ మూసి గ్లాసెడు నీళ్లు తాగింది. సిగ్గేసింది. సిగ్గు మీద కోపమొచ్చింది. పట్టు వదలకూడదనుకుంది.

ఆ తర్వాత ట్యాబ్ ఇంట్లోనే ఉండిపోయే రోజులు చాలా వచ్చాయి, కోడలికి ల్యాబ్‌లో దానితో పని లేదు. రోజూ పది గంటలకి ఆవిడ పాఠం. ఎనిమిదో రోజుకి గుసగుస మానేసింది. పదిహేనో రోజుకి తాబేలు ఏదో అంటే నవ్వింది. ఆ నవ్వు విని తనే ఆగిపోయి, ఇదేమిటి నేను కూడా, అనుకుంది. కానీ ఎందుకు నేర్చుకుంటున్నానో మర్చిపోలేదు. ఉదయం ఏడుంపావుకి బాల్కనీ తలుపు ఇవతల కూరగాయలు ముందేసుకుని కూర్చునేది. అద్దం సందులోంచి వచ్చే మాటల్లో తెలిసిన మాట ఒక్కటి తగిలినా పాత క్యాలెండరు కాగితం వెనక రాసిపెట్టుకునేది.

రెండు నెలలకి ఆ కాగితం మీద పోగైనవి ఇవి. అత్త. ఇల్లు. భయం. వెళ్తాను. చెప్పలేదు. వద్దు. ఒంటరిగా. మూడు. నా మాట.

'అత్త' అన్న మాట ఆవిడకి ఇప్పుడు ఎంత దూరం నుంచైనా తెలిసిపోయేది. ఆ భాషలో దాన్ని ముక్కుతో పలుకుతారు, చివర చిన్న ఈల వేసినట్టు ఉంటుంది. ఒక్కోరోజు ఇరవై నిమిషాల్లో ఏడెనిమిదిసార్లు ఆ ఈల వినబడేది.

ఆవిడ మాటల్ని అటూ ఇటూ మార్చి పేర్చి చూసింది. ఎలా పేర్చినా ఒకటే వచ్చింది. ఈ ఇల్లు వద్దు. అత్తని ఒంటరిగా వదిలి వెళ్తాను. ఇంకా చెప్పలేదు. 'మూడు' ఏమిటో తెలియలేదు. మూడు వారాల్లోనేమో, మూడో తారీఖేమో.

శుక్రవారం కొడుకు అటక మీద నుంచి చక్రాల పెట్టె దింపాడు.

"అదెందుకురా ఇప్పుడు?"

"చక్రం విరిగిందిగా అమ్మా. బాగుచేసి పెడదామని."

"విరిగి మూడేళ్లయింది. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ఖాళీ దొరికింది" అన్నాడు వాడు, చక్రం వైపు చూస్తూ.

ఇద్దరూ కలిసి తనకి టికెట్ లేకుండా చేశారని తేలిపోయింది. ఆ రోజు పది గంటలకి తాబేలుతో కొత్త పాఠం చదవలేదు. తనకి కావలసిన మూడు వాక్యాలు తెలుగులో చెప్పి, వాటిని ఆ భాషలో ఎలా అనాలో అడిగింది. పదిసార్లు, ఇరవైసార్లు, గొంతు బొంగురుపోయేదాకా చెప్పుకుంది.

శనివారం ఉదయం ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. ఏడుంపావుకి బాల్కనీ తలుపు మూసుకుంది. ఆవిడ అయిదు నిమిషాలు ఓపికపట్టింది. ఈల రెండుసార్లు వినబడింది. లేచి తలుపు బార్లా తీసింది.

కోడలు తల తిప్పేలోపు ఆవిడ ఆ భాషలోనే అంది. "నాకు అర్థమవుతుంది. మీరు వెళ్లిపోతున్నారు. నన్ను వదిలేసి."

కోడలి చెవిలోంచి ఇయర్‌ఫోన్ జారి ఒళ్లో పడింది.

"ఏం చూస్తున్నావు? రాదనుకున్నావా?" అత్తగారు తెలుగులోకి వచ్చింది. "నా గుమ్మంలో కూర్చుని, నాకు రాని భాషలో, రోజూ నా గురించి ఎవరికి చెబుతున్నావమ్మాయ్? నేను నీకేం లోటు చేశాను? అయిదేళ్లలో ఒక్కనాడు గట్టిగా ఒక మాటన్నానా? వెళ్లాలనుకుంటే మొహం మీద చెప్పి వెళ్లండి. పెట్టెలు బాగుచేసుకుని దొంగల్లా వెళ్లడం దేనికి?"

కోడలి పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. మెడ దగ్గర నరం ఒకటి కొట్టుకోవడం కనబడుతోంది. కొడుకు సబ్బు నురగ మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నువ్వనుకునేది కాదు. అసలు సంగతేంటంటే, దానికి..."

కోడలు చెయ్యెత్తింది. అరచెయ్యి మొగుడి వైపు చాచి ఆపింది. వాడు ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఎవరినైనా ఆపడం అదే మొదలు.

ఒకసారి ఊపిరి పీల్చుకుంది. తెలుగు రాలేదు. ఆ భాష వచ్చింది. చిన్నచిన్న మాటలు, విడివిడిగా, తాబేలుతో చెప్పినట్టే.

"నేను వదిలి వెళ్లను. మూడు నెలలు వెళ్తాను. తిరిగి వస్తాను."

'మూడు' ఎక్కడ పెట్టాలో ఆవిడకి అప్పుడు తెలిసింది. అయినా అనుమానం వదల్లేదు. "ఎక్కడికి?" అంది, ఆ భాషలోనే.

"పెద్ద ల్యాబ్‌కి. పని నేర్చుకోవడానికి. ఇంకా అడగలేదు వాళ్లని. మీకు చెప్పలేదు. భయం."

"నేనంటేనా?"

"మీరంటేనే." కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ గొంతు ఆగలేదు. "మీరు చెడ్డవారు కాదు. మీరు ముందు మాట్లాడతారు. ఎప్పుడూ. డాక్టరు నన్ను అడిగితే మీరు చెబుతారు. చుట్టాలు నన్ను అడిగితే మీరు చెబుతారు. నా మాట లోపల ఉండిపోతుంది."

"నెమ్మదిగా" అంది అత్తగారు. అది తాబేలు నేర్పిన మాట. అర్థం కాక కాదు, అర్థమవుతున్నది తట్టుకోవడానికి అంది.

"పోయినేడు ఫోన్ వచ్చింది. మా మేడమ్. మీరు తీసుకున్నారు. నేను..." అక్కడ కోడలు వాడిన మాట ఆవిడకి తెలియదు.

"ఆ మాటకి అర్థమేంటి?"

కోడలు ఒక్క క్షణం తడబడింది. అప్పుడు తెలుగు దానంతటదే వచ్చేసింది. "సిద్ధంగా ఉన్నాను అత్తయ్యా. వణుకుతున్నాను, నిజమే. కానీ సిద్ధంగానే ఉన్నాను."

అత్తగారికి ఆ సాయంత్రం కళ్ల ముందు ఆడింది. కోడలు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో పన్ను పోతపోసి, పక్క పన్ను రంగు కలిసేలా దిద్దుతుంది. పోయినేడు ఆ ల్యాబ్ యజమానురాలు ఫోన్ చేసి, పెద్ద ల్యాబ్‌కి శిక్షణకి పంపుతాం, అక్కడ వాళ్ల భాషలో మాట్లాడాల్సి ఉంటుంది, వెళ్తావా అని అడిగింది. కోడలు స్పీకరు పెట్టిన ఫోన్ పట్టుకుని నిలబడిపోయింది. చెయ్యి వణుకుతోంది. చూడలేక తనే ఫోన్ అందుకుంది. "మా అమ్మాయి వల్ల కాదులెండి. నలుగురిలో నోరు విప్పలేదు. ఇంకెవరినైనా చూసుకోండి" అని చెప్పేసింది. పెట్టేశాక కోడలి తల నిమిరి, నేను చూసుకున్నాలే అంది. కోడలు "సరే అత్తయ్యా" అంది. తను ఒడ్డున పడేశానని సంతోషించి, ఆ సంగతే మర్చిపోయింది.

"నాలుగు రోజులు అద్దం ముందు చెప్పుకున్నాను, వస్తానండీ అనడానికి" అంది కోడలు. "ఆ ఒక్క మాటే. నోటిదాకా వచ్చింది. ఇంకొంచెం ఆగి ఉంటే వచ్చేసేది అత్తయ్యా."

ఒళ్లో పడ్డ ఇయర్‌ఫోన్‌లోంచి తాబేలు గొంతు సన్నగా ఏదో అడుగుతోంది.

"మరి దీనితో రోజూ నా గురించి ఏం చెబుతున్నావు?" అంది అత్తగారు చివరికి. గొంతులో పదును లేదు.

"ఇందులో ఒక పాఠం ఉంది. ఎవరితో మాట్లాడాలంటే భయమో వాళ్లని ఊహించుకుని, చెప్పదలచుకున్నది ముందు దీనితో చెప్పాలి. మేనేజరుతోనో, ఆఫీసులోవాళ్లతోనో అని రాసి ఉంటుంది. నేను మిమ్మల్ని పెట్టుకున్నాను." కోడలు తల దించుకుంది. "అత్తయ్యా, నేను వెళ్లనా అని అడుగుతాను. అది మీలా మాట్లాడుతుంది. ఒక్కోసారి మీకంటే గట్టిగా వద్దంటుంది. నవ్వొస్తుంది."

అత్తగారు స్టూలు మీద కూలబడింది. ఖాళీ ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర నోరు తెరిచి కూర్చున్న తనే గుర్తొచ్చింది. ఆ నిశ్శబ్దంలో పక్కనుంచి ఎవరైనా, ఈవిడ వల్ల కాదులే అని ట్యాబ్ లాక్కుని ఉంటే, ఆ మొదటి వాక్యం తన జన్మలో బయటికొచ్చేదా? ఒక బొమ్మకున్నపాటి ఓపిక తనకి లేకపోయింది. ప్రేమ అనుకుని చేసింది అదంతా.

"నాక్కూడా రాలేదమ్మాయ్" అంది. "మొదటిరోజు. నా పేరు చెప్పమంటే నోరు పెగల్లేదు. చెమటలు పట్టాయి."

కోడలు కళ్లు తుడుచుకుని ఆవిడ వైపు చూసింది. "పగటిపూట ఎవరో వాడుతున్నారని చూశాను. డేగ అని పేరుంది. ఎవరని ఈయన్ని అడిగితే, మా స్నేహితుడు అన్నారు."

ఇద్దరూ ఒకేసారి వాడి వైపు తిరిగారు. సబ్బు మొహం మీదే ఆరిపోయింది.

"నీకు తెలుసుట్రా?"

"డిపోలో నిన్ను అలా పిలిచేది నాకు తెలీదా అమ్మా? నువ్వూ నేర్చుకుంటున్నావు కదా, చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను. దేనికోసం నేర్చుకుంటున్నావో తెలిసుంటే ట్యాబ్ దాచేసేవాణ్ని."

కోడలు నవ్వింది. తలుపు మూయకుండా నవ్వింది. అత్తగారికి మాత్రం నవ్వు రాలేదు. క్యాలెండరు కాగితం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "నీ మాటలు దొంగచాటుగా విని రాసుకున్నాను. తప్పే. చింపెయ్." కోడలు ఆ కాగితం పైనుంచి కిందికి చదివి, 'ఒంటరిగా' అన్న మాట దగ్గర వేలు పెట్టింది. "ఇది మీ గురించి కాదు అత్తయ్యా. అక్కడ ఒంటరిగా ఉండగలనా అని నా గురించి నేను అడిగాను."

సోమవారం కోడలే నోరు విప్పి మేడమ్‌ని అడిగింది. పెద్ద ల్యాబ్ వాళ్లు ఆ పై వారం బుధవారం పది గంటలకి వీడియోలో మాట్లాడతామన్నారు. ఇప్పటిదాకా కోడలు తాబేలుతో మాట్లాడింది, తర్వాత ఆ యాప్ పెట్టే శనివారం క్లాసుల్లో మొహానికి బదులు బొమ్మ పెట్టుకుని ఆరుగురు కొత్తవాళ్లతో మాట్లాడింది. సొంత మొహంతో మాట్లాడటం ఇదే మొదలు. మంగళవారం గిన్నెలు సర్దుతూ అత్తగారిని అడిగింది.

"రేపు మీరు నా పక్కన కూర్చుంటారా? తెరలో కనబడకుండా."

"నేనెందుకమ్మా? నీకు ఇంకా కంగారవుతుంది."

"అవుతుంది. మీ ముందు మాట్లాడగలిగితే ఎవరి ముందైనా మాట్లాడగలను."

బుధవారం డైనింగ్ టేబుల్‌కి ఒకవైపు కోడలు, ఎదురుగా, ట్యాబ్ వెనక, అత్తగారు. తెర మీద ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల పక్క చిన్న గడిలో ల్యాబ్ యజమానురాలు. పేరు, చేసే పని, ఎన్నేళ్లుగా అన్నవి దాటిపోయాయి. కోడలి గొంతు సన్నగా ఉన్నా తెగలేదు. అప్పుడు తెరలోని పెద్దావిడ కొంచెం వేగంగా అడిగింది: పన్ను తయారయ్యాక రంగు కలవలేదని డాక్టరు తిప్పి పంపితే ఏం చేస్తారు?

కోడలు ఆగిపోయింది.

అత్తగారికి ప్రశ్న పూర్తిగా అర్థమైంది. జవాబు కూడా తెలుసు, వారం రోజులుగా వింటున్నదే. మొదటి మాట నాలుక చివర ఉంది. కోడలి మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. తెరలోవాళ్లు ఎదురుచూస్తున్నారు. యజమానురాలు కుర్చీలో కదిలింది. ఒక్క మాట అందిస్తే చాలు, చిన్నగా, పెదాలతో. ఆవిడ రెండు చేతులతో టేబుల్ అంచు పట్టుకుంది. పళ్లు బిగించింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే కోడలు చూస్తుందని. అంతసేపటి మౌనాన్ని ఆవిడ ఎప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు.

కోడలు ఊపిరి వదిలి మాట్లాడింది.

కిటికీ వెలుతురులో మళ్లీ చూస్తానంది. దీపం వెలుగులో పన్ను రంగు మోసం చేస్తుందంది. డాక్టరుని ఫొటో కాదు, పక్క పన్ను రంగు నంబరు అడుగుతానంది. మాటలు వెతుక్కుంది, ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది. తెరలోని పెద్దావిడ ముందుకి వంగి వింది. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, వచ్చే నెల మొదటి సోమవారం రాగలరా అంది. యజమానురాలు ఏదో అనబోయింది కానీ కోడలే ముందు జవాబు చెప్పేసింది.

తెర ఆగిపోయాక కోడలు ట్యాబ్ బోర్లించింది. కోడలి వీపు చెమటకి తడిసిపోయి ఉంది.

"ఎలా మాట్లాడాను అత్తయ్యా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. "చివర్లో ఒకచోట తప్పు పలికావు. వస్తాను అనాల్సింది, వచ్చాను అన్నావు."

"తెలుసు అత్తయ్యా" అంది కోడలు. "నోట్లోంచి రాగానే తప్పని తెలిసింది. అయినా ఆగలేదు."

అత్తగారు లేచి టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి, తడిసిన ఆ వీపు మీద చెయ్యి వేసింది. ఏదో అనబోయి ఆగింది. కోడలు ఇంకా చెబుతోంది, ఆ పెద్దావిడ ఎలా ముందుకి వంగిందో, అప్పుడు తన కాళ్లు ఎలా వణికాయో, మొదటి మాట ఎక్కడ దొరికిందో. అన్నీ తెలుగులోనే, గడగడా, మధ్యలో నవ్వుతూ. ఆవిడ పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ వింటూ ఉండిపోయింది.